వినబడుతోంది, కానీ ఎదుటివాళ్ల మనసు అందడం లేదు: ఒక కేస్ స్టడీ

పాప వయసు ఏడున్నరేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం. నాలుగేళ్లు దాటాక కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు, అంటే వినికిడి నరానికి నేరుగా సంకేతాలు పంపే పరికరం. దానికి బయట పెట్టుకునే భాగమే ప్రాసెసర్, ఇంట్లోవాళ్ల మాటల్లో ‘మెషీన్’. కుటుంబం మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటోంది. తండ్రి టైల్స్ మేస్త్రీ. ఇంట్లో అమ్మ, అవ్వ, ఐదేళ్ల తమ్ముడు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చి రాస్తున్నాం.

బడి నుంచి వచ్చిన ఫిర్యాదులు: లైనులో ఎవరైనా తగిలితే వెంటనే తిరిగి కొడుతుంది, ఆటల్లో ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తుంది, టీచర్ పుట్టినరోజుకు పిల్లలంతా దాచిపెట్టిన కార్డును ముందురోజే తీసుకెళ్లి టీచర్ చేతిలో పెట్టింది. వాళ్లమ్మ ఫిర్యాదు ఇంకోటి: “తమ్ముడు ఇంతే ఉన్నాడు, రోజూ దీన్ని బోల్తా కొట్టిస్తాడు. ‘నాయన వచ్చినాడు’ అంటే చాలు, చేతిలో చాక్లెట్ వదిలేసి వాకిట్లోకి పరిగెత్తుతుంది. మళ్లీ మరుసటిరోజు అదే.” బంధువులెవరో ఆటిజం అన్నారు. ఆ భయంతోనే థెరపీ చేసే మా దగ్గరికి వచ్చారు.

ముందు మెషీన్, తర్వాతే మనసు

ఇలాంటి కేసుల్లో తొందరపడి ఆలోచనల పరీక్షకు దిగితే ఫలితానికి విలువ ఉండదు. వినబడక తప్పిందో, అర్థంకాక తప్పిందో తేల్చలేం. అందుకే ప్రతి సెషన్ ఆరు శబ్దాల పరీక్షతో మొదలవ్వాలి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. వరస ప్రతిసారీ మార్చాలి. మధ్యలో ఖాళీ వదలాలి, ఆ ఖాళీలో పిల్ల చెయ్యెత్తితే ఊహించి చెబుతోందని అర్థం. పెదాలు చూసి చెప్పకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టడం చాలామందికి అలవాటు. దానివల్ల ‘స్’ లాంటి సన్నటి శబ్దాలు బాగా తగ్గిపోతాయి. ఎంబ్రాయిడరీ రింగుకు స్పీకర్ మీద వేసే పల్చటి గుడ్డ బిగించి నోటి ముందు పట్టుకుంటే ఆ బాధ ఉండదు.

పాప మీటరు దూరంలో ఆరూ చెప్పింది. మూడు మీటర్లకు వెళ్లేసరికి ‘స్’ పోయింది. ప్రాసెసర్ మైక్ మీది కవర్ దుమ్ము పట్టి ఉంది. మార్చగానే ‘స్’ తిరిగొచ్చింది. రాత్రిపూట ప్రాసెసర్‌ను డ్రై బాక్సులో పెట్టమని, అందులో తేమ పీల్చే సిలికాజెల్ రంగు మారగానే కొత్తది వెయ్యమని చెప్పాం. మెషీన్ పెట్టుకున్నాక వినికిడి అన్ని ఫ్రీక్వెన్సీల్లో 25–30 డెసిబెల్స్ దగ్గర ఉంది, అంటే మెల్లటి శబ్దాలు కూడా అందుతున్నాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే చక్కగా వింటుంది. ఫ్యాను, మిక్సీ, టీవీ నడుస్తున్న ఇంట్లో పక్కగదిలో నడిచే సంభాషణ మాత్రం ఆమెకు అందదు. ఈ కేసుకు మూలం అక్కడే ఉంది.

ఆటిజం సంగతి త్వరగానే తేలింది. వేలితో చూపించి మనవైపు చూడటం, బొమ్మకు అన్నం పెట్టడం, కొత్త గౌను తెచ్చి తిప్పి చూపించడం, అన్నీ ఉన్నాయి. మాటలతో పని లేని తెలివితేటల పరీక్షలో వయసుకు తగ్గట్టే ఉంది. పిల్లల మానసిక వైద్యులు కూడా చూసి కాదన్నారు. భాష మాత్రం ఐదేళ్ల పిల్లల స్థాయిలో ఉంది. అందులోనూ ఒక ప్రత్యేకమైన లోటు ఉంది, దాని దగ్గరికి వస్తాం.

పరీక్షలు, అందులో పడే తప్పులు

ఎదుటివాళ్లకు మనకన్నా వేరే నమ్మకం ఉండొచ్చని, అది తప్పు నమ్మకమైనా వాళ్లు దాని ప్రకారమే నడుస్తారని పిల్లలకు తెలుసా లేదా అని పరీక్షించే పద్ధతిని 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు తయారుచేశారు. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ ఇద్దరు బొమ్మపిల్లలతో దాన్ని సులువు చేశారు: ఒక పాప గోలీని బుట్టలో పెట్టి బయటికి వెళుతుంది, రెండో పాప దాన్ని పెట్టెలోకి మారుస్తుంది, మొదటి పాప తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? మామూలుగా నాలుగు, ఐదేళ్ల మధ్య పిల్లలు ‘బుట్టలో’ అని సరిగ్గా చెబుతారు. ఆ అధ్యయనంలో ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది తప్పు చెప్పారు. దాంతో ఇది ఆటిజం పరీక్ష అన్న అపోహ పాతుకుపోయింది. తర్వాత పదేళ్లకు, 1995లో, పీటర్సన్, సీగల్ ఆస్ట్రేలియాలో చెవిటి పిల్లలకు ఇదే పెట్టి చూస్తే, తెలివితేటలకు ఏ లోటూ లేని పిల్లలు కూడా పెద్దసంఖ్యలో తప్పారు. తల్లిదండ్రులు కూడా బధిరులై, పుట్టినప్పటినుంచీ ఇంట్లో సైగభాష ఉన్న పిల్లలు మాత్రం అందరిలాగే వయసుకు తగ్గట్టు నెగ్గుతారు. అంటే లోటు చెవిలోనూ లేదు, మెదడులోనూ లేదు. ఇంట్లో మనసుల గురించి జరిగే మాటల్లో ఆ పిల్లకు వాటా దొరికిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మేము వాడింది 2004లో వెల్‌మన్, లియు కూర్చిన ఐదు మెట్ల వరస: కోరికలు వేరుగా ఉండటం, నమ్మకాలు వేరుగా ఉండటం, చూడనివాడికి తెలియకపోవడం, తప్పు నమ్మకం, లోపల ఒకటి పైకి ఒకటి. పాప మొదటిది నెగ్గింది, మూడోది నెగ్గింది, రెండోది తప్పింది. వరస తప్పిందని కంగారుపడక్కర్లేదు. చైనా, ఇరాన్ పిల్లలు కూడా మూడోదే ముందు నేర్చుకుంటారని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. ‘నాకొక అభిప్రాయం, నీకొకటి’ అన్న వాదులాట కన్నా ‘వాడికి తెలుసు, నీకు తెలియదు’ అన్న పోలిక ఎక్కువ వినబడే ఇళ్లలో అది సహజమే. నాలుగు, ఐదు మెట్లు పాపకు అసలు అందలేదు.

ఈ పరీక్షలు పెట్టేటప్పుడు మామూలుగా జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. పెట్టెలు రెండే అయితే ఊహించినా సగంసార్లు సరిపోతుంది, కాబట్టి మూడు పెట్టాలి. అసలు ప్రశ్నకు తోడు “మొదట ఎక్కడ పెట్టింది?”, “ఇప్పుడు ఎక్కడుంది?” అని రెండు ప్రశ్నలు అడిగి తీరాలి. అవి తప్పితే కథే గుర్తులేదని అర్థం, ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. “ఎక్కడ వెతకాలి?” అని నోరుజారితే పిల్ల న్యాయంగానే కొత్తచోటు చూపిస్తుంది. “ముందుగా ఎక్కడ వెతుకుతుంది?” అని అడగాలి.

జెమ్స్ ప్యాకెట్లో చాక్లెట్లకు బదులు పెన్సిల్ ముక్కలు పెట్టి, లోపల చూడని తమ్ముడు ఏముందనుకుంటాడో చెప్పమనేది ఇంకో పరీక్ష. దీనికి ఐస్‌క్రీమ్ డబ్బా మాత్రం వాడకండి. మన ఇళ్లలో పెరిగిన ఏ పిల్లనడిగినా అందులో కరివేపాకో దోసెపిండో ఉందని తడుముకోకుండా చెబుతుంది. పరీక్ష అక్కడితో సరి.

అన్నిటికన్నా పెద్ద తప్పు పరీక్ష పెట్టేవాళ్ల కళ్లది. చెవి తక్కువైన పిల్లలు కళ్లతో బతుకుతారు. మొదటిసారి బుట్ట ప్రశ్న అడిగితే పాప సరిగ్గా చెప్పింది. వీడియో నిదానంగా చూస్తే తెలిసింది: ప్రశ్న చివర్లో పరీక్షించేవాళ్ల చూపు అరక్షణం బుట్టమీద పడింది, పాప ఆ చూపును పట్టుకుంది. తర్వాతిసారి ప్రశ్న పూర్తయ్యేదాకా చూపు బొమ్మ నుదుటిమీదే నిలిపితే జవాబు పెట్టెకు మారింది. ఎవరు ఎటు చూస్తే అది వాళ్లకు కావాలని ఈ పిల్లకు బాగా తెలుసు. కళ్లకు కనబడని సంగతే, అంటే వాడు ఏం చూశాడు, ఏం వినలేదు, అందువల్ల ఏమనుకుంటున్నాడు అన్నదే, అందడం లేదు.

‘అని’ వినబడని పిల్ల

తెలుగు వాక్యంలో మనసులోని విషయం ముందొస్తుంది, అది ఎవరి మనసులోదో చెప్పే ముక్క చివర్లో వస్తుంది. “బంతి బుట్టలో ఉందనుకుంటోంది అక్క.” మాట్లాడే వేగంలో ‘ఉంది అని అనుకుంటోంది’ ముద్దగా కలిసిపోతుంది. వినికిడి లోపం ఉన్న పిల్లకు గట్టిగా వినబడేది ‘బంతి బుట్టలో ఉంది’ అన్నంత వరకే. ఆమె లేచి వెళ్లి బుట్టలో చూస్తుంది, బంతి ఉండదు, మనం అబద్ధం చెప్పామనుకుంటుంది. “రేపు సెలవట” అన్నప్పుడు ఆ చివరి ‘ట’ కూడా అంతే. దాన్ని వదిలేస్తే పుకారు కాస్తా నిజమైపోతుంది. “నాయన నేను రాను అన్నాడు” అంటే రానిది ఎవరు? పాప తనేననుకుని ఏడ్చిన సందర్భం వాళ్లమ్మే చెప్పింది.

వీటికి మాట విరుపుతోనే వైద్యం. “బంతి బుట్టలో ఉంది… అని… అక్క అనుకుంటోంది” అని ‘అని’కి ముందూ వెనకా కాస్త ఆగి, ఆ ముక్కను ఒత్తి పలకాలి. లేదా వరస తిప్పాలి: “అక్క ఏమనుకుంటోందంటే, బంతి బుట్టలో ఉందని.” మొదట్లో ఈ తిప్పిన వాక్యమే బాగా పనిచేసింది, ఎవరి మనసో ముందే తెలిసిపోతుంది కాబట్టి. కొన్ని వారాల తర్వాత మామూలు వరసకు మార్చాలి, ఎందుకంటే బయట ఎవరూ అలా తిప్పి మాట్లాడరు. ఈ రకం వాక్యాలు నేర్పితే తప్పు నమ్మకం పరీక్షల్లో కూడా మెరుగవుతారని ఇంగ్లీషు పిల్లల మీద 2003లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. నికరాగ్వాలో 1970ల చివర కొత్తగా పుట్టిన సైగభాషను మొదట నేర్చిన తరంవాళ్లకు ‘అనుకోవడం’, ‘తెలియడం’ లాంటి సైగలు పెద్దగా లేవు. పెద్దవాళ్లై ఉండి కూడా వాళ్లు ఈ పరీక్షల్లో తమ తర్వాతి తరం కన్నా వెనకబడ్డారు. తర్వాత ఆ సైగలు అలవడ్డాక పరీక్షలూ మెరుగయ్యాయి. ఇది పయర్స్, సెంఘాస్ 2009లో ప్రచురించారు. వయసు మీరాక కూడా దారి మూసుకుపోదని తల్లిదండ్రులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

ఇంటి మాటల లెక్క

వాళ్లమ్మను రాత్రి భోజనాల దగ్గర పది నిమిషాలు ఫోన్లో రికార్డు చెయ్యమన్నాం. పాపతో అన్న మాటల్లో ఎక్కువ భాగం మూడు రకాలే: “తిను, రా, కూర్చో”, “ఇదేంటి? ఏం రంగు?”, “కాదు, సరిగ్గా చెప్పు.” అదే పది నిమిషాల్లో తమ్ముడితో “నువ్వు మర్చిపోయినావని నాకు తెలుసులే”, “అవ్వకు కోపం వచ్చిందనుకున్నావా?” లాంటివి ఎన్నో. తల్లి ప్రేమలో తేడా ఏమీ లేదు. చెవి సరిగా లేని పిల్లకు చిన్న వాక్యాలు, వస్తువుల పేర్లు చాలని ఏళ్ల తరబడి అలవాటైంది, అంతే. ఇంప్లాంట్ పెట్టిన కొత్తలో థెరపీ చేసేవాళ్లం కూడా అదే నేర్పుతాం. ఆ దశ దాటాక మాట మార్చుకోమని చెప్పేవాళ్లు తక్కువ.

చేసిన పని

వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. ఇంట్లో రోజుకు పది నిమిషాలు, టీవీ, ఫ్యాను ఆపేసి.

మొదటి మెట్టు, చూస్తేనే తెలుస్తుంది. మూత ఉన్న డబ్బాలోకి అవ్వ తొంగి చూస్తుంది, తమ్ముడు చూడడు. “అవ్వ చూసింది, అవ్వకు తెలుసు. వీడు చూడలేదు, వీడికి తెలియదు.” తర్వాత చూడటానికి బదులు వినడం: అవ్వ చెవిలో రహస్యం చెప్పి తమ్ముడికి చెప్పకపోవడం. ఈ రెండోది చెవి తక్కువ పిల్లలకు చాలా కష్టం, కానీ దాటవెయ్యకూడదు.

రెండో మెట్టు, ఆలోచన బుడగలు. ఇంట్లోవాళ్ల ఫొటోలు అట్టకు అంటించి, తలపైన తెల్లటి బుడగ కత్తిరించి, అందులో బొమ్మలు మార్చేలా వెల్క్రో పెట్టాలి. ముందు అందరికీ తెలిసినదే: అవ్వ బుడగలో రాగిసంగటి, తమ్ముడి బుడగలో మ్యాగీ. తర్వాత నిజమైన నమ్మకం: చెప్పులు బయట ఉన్నాయి, అమ్మ బుడగలో కూడా చెప్పులు బయటే. ఆ తర్వాతే తప్పు నమ్మకం: తమ్ముడు చెప్పులు మంచం కిందికి తోశాడు, అమ్మ చూడలేదు, అమ్మ బుడగలో చెప్పులు ఇంకా బయటే. ఇక్కడ పిల్లలు బుడగలో బొమ్మ మార్చేస్తారు. వద్దనకూడదు. “అమ్మ చూసిందా?” అని ఒక్క ప్రశ్న అడిగి, చెయ్యి అక్కడే ఆపి ఉంచాలి. చివరికి బుడగ తీసేసి మాటలతోనే అడగాలి. బుడగను నెలల తరబడి వాడితే పిల్ల బుడగల ఆటలో ఆరితేరుతుంది, బతుకులో కాదు. చెవిటి పిల్లల మీద ఈ పద్ధతిని వెల్‌మన్, పీటర్సన్ 2013లో పరీక్షించి మంచి ఫలితం చూపించారు.

మూడో మెట్టు, గుప్పిట్లో చింతగింజ. ఏ చేతిలో ఉందో ఎదుటివాళ్లు చెప్పాలి. ఈ ఒక్క ఆట ఐదు పరీక్షలంత సమాచారం ఇస్తుంది. పాప చేసినవి: అందరి ముందే గింజను చేతులు మార్చడం, ఖాళీ చెయ్యి తెరిచి ఉంచడం, గింజ ఉన్న గుప్పిటనే ముందుకు చాపడం, అడగకముందే “ఇందులో!” అనడం. ఒక్కోటి విడిగా సరిచేశాం, వీపు వెనక మార్చడం, రెండూ ఒకేలా బిగించడం, ముఖం మామూలుగా పెట్టడం. ఎవరూ నేర్పకుండానే ఒకరోజు రెండు చేతులూ ఖాళీగా పెట్టి గింజను ఒళ్లో దాచి తమ్ముడిని అడిగింది. మోసం చెయ్యడం నేర్పుతున్నారని అవ్వకు కోపం వచ్చింది. మోసపోకుండా ఉండాలంటే మోసం ఎలా కుదురుతుందో తెలియాలని ఆమెకు విడమరిచి చెప్పాల్సొచ్చింది.

నాలుగోది, కావాలనా, పొరపాటునా. మూడు జేబులున్న కార్డు: కావాలని, పొరపాటున, తెలియదు. మూడో జేబు లేకపోతే పిల్ల రెండిట్లో ఒకటి ఊహిస్తుంది. చూడాల్సిన గుర్తులు: తగలకముందు నావైపు చూశాడా, తగిలాక ఆగాడా, ముఖం ఎలా ఉంది, అక్కడ తోపులాట ఉందా. ‘తెలియదు’ జేబులో పడితే అడగాలి: “ఎందుకు తోశావ్?” మొదట కార్డులన్నీ ‘కావాలని’లోకి వెళ్లాయి. శిక్షణ ముదిరాక అన్నీ ‘పొరపాటున’లోకి వెళ్లాయి, అది ఇంకా ప్రమాదం, నిజంగా ఏడిపించేవాడిని కూడా క్షమించేస్తుంది. అందుకని ఇంకో నియమం చేర్చాం: ఒకే పిల్లవాడు అదే పని మళ్లీ చేస్తే ఊహించడం మానేసి టీచర్‌కు చెప్పాలి.

మొహమాటం

పుస్తకాల్లోని ఐదో మెట్టు, లోపల ఒకటి పైకి ఒకటి, మన ఇళ్లలో ఎక్కువగా మొహమాటం రూపంలో వస్తుంది. పక్కింటి అత్త వస్తుంది, పాప కాఫీ గ్లాసు ఇస్తుంది, ఆమె “ఎందుకులేమ్మా” అంటుంది, పాప గ్లాసు వెనక్కి పట్టుకెళ్లిపోతుంది. వాళ్లమ్మకు తల కొట్టేసినట్టవుతుంది. పిల్ల చేసింది మాటను అక్షరాలా గౌరవించడమే.

దీనికి మేము పెట్టిన పద్ధతి: కారణం చెప్పి వద్దంటే, షుగరనో ఒక్కపొద్దనో, అది నిజంగా వద్దు. కారణం లేకుండా “ఎందుకులే” అంటే ఇంకోసారి అడగాలి. చెయ్యి గ్లాసును వెనక్కి నెట్టిందా, ఊరికే గాలిలో ఊగిందా చూడాలి. రెండోసారీ వద్దంటే వదిలెయ్యాలి. నాయన “చూద్దాంలే” అంటే చాలావరకు కాదని, “ఆదివారం పోదాం” అని రోజు చెబితే అవునని. వీటిని అవ్వ, అమ్మ నటించి చూపించారు. ఇద్దరిలో అవ్వ నటన ఎంత సహజంగా ఉండేదంటే, పాప మొదట్లో అది ఆటని గుర్తుపట్టలేకపోయేది. అందుకని నటించేటప్పుడు అవ్వ భుజాన ఎర్ర తువ్వాలు వేసుకోవాలని నియమం పెట్టాం.

ఇంట్లో ఎదురైన ఇబ్బంది ఒక్కటే, కానీ మొండిది. వాళ్లమ్మ ప్రతిదాన్నీ ప్రశ్నగా మార్చేసింది: “తమ్ముడు ఏమనుకుంటున్నాడు? చెప్పు! అవ్వకు తెలుసా, తెలియదా? చెప్పు!” పిల్ల రెండు వారాల్లో విసిగిపోయి మెషీన్ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఒక్క ప్రశ్నకు కనీసం నాలుగు మామూలు మాటలు ఉండాలని చెప్పాం: “అయ్యో, తాళంచెవి మర్చిపోయా. నాయన దగ్గరుందేమో అనుకుంటున్నా. నాయనకు తెలియదు మనం బయట నిలబడ్డామని.” తన మనసును తనే పైకి చెప్పుకోవడం ఆమెకు మొదట సిగ్గనిపించింది. వంటింట్లో పని చేస్తూ చెప్పమన్నాక కుదిరింది.

ఆరు నెలల తర్వాత

కొత్త బొమ్మలతో, కొత్త వస్తువులతో, అంతకుముందు చూడని మనిషి పరీక్ష పెట్టినా పాప ఐదు మెట్ల పరీక్షలో మొదటి నాలుగు మెట్లూ నెగ్గింది. ఐదోది తెలిసినవాళ్ల విషయంలో నెగ్గుతుంది, కొత్త ముఖమైతే తప్పుతుంది. లైనులో కొట్టడం బాగా తగ్గింది. తమ్ముడి “నాయన వచ్చినాడు”కు ఇప్పుడు ముందు బండి చప్పుడు వినబడిందా అని ఆగుతోంది. అప్పుడప్పుడు తనే వాడిని అలా పంపిస్తోంది. భోజనాల దగ్గరి రికార్డింగులో ‘అనుకుంటున్నా’, ‘తెలుసు’, ‘మర్చిపోయా’ లాంటి మాటలు తల్లి నుంచీ వస్తున్నాయి, పాప నుంచీ వస్తున్నాయి.

గుంపులో మాత్రం పరిస్థితి పెద్దగా మారలేదు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట ఎవరు ఏం విన్నారో ఆమెకు తెలియదు, కాబట్టి ఎవరేమనుకుంటున్నారో లెక్కగట్టలేదు. దీనికి థెరపీ కన్నా క్లాసు గది ముఖ్యం. గోలకన్నా టీచర్ గొంతు 15 డెసిబెల్స్ ఎక్కువ వినబడేలా, దాన్ని నేరుగా మెషీన్‌కు పంపే రిమోట్ మైక్ టీచర్ మెడలో, ముందువరస సీటు, కుడి చెవి క్లాసు వైపు, ఇంకో పిల్ల ప్రశ్న అడిగితే టీచర్ దాన్ని తిరిగి చెప్పడం. బడికి ఇచ్చిన చీటీలో చివరి అంశానికే ఎక్కువ చోటిచ్చాం, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే.

ఎగతాళి, వెటకారం ఇంకా మొదలుపెట్టలేదు. “తమ్ముడికి తెలియదని అవ్వ అనుకుంటోంది” లాంటి రెండంతస్తుల వాక్యాలను పాప తనంతట తాను వాడటం మొదలయ్యాకే వాటికి వెళతాం. ప్రస్తుతానికి అలాంటివి వింటే అర్థం చేసుకుంటోంది, అనడం లేదు.